సోమవారం జీడి

జీడిపిక్క తొక్కలో నల్లటి నూనె ఉంటుంది. మేం దాన్నే జీడి అంటాం. ఒంటికి తగిలిన వెంటనే ఏమీ తెలియదు. గంట తర్వాత మంట మొదలవుతుంది. మర్నాటికి చర్మం నల్లబడి బొబ్బ లేస్తుంది, వారం తిరిగేసరికి పొరలాగా ఊడి వస్తుంది. నర్సీపట్నంలో బలిఘట్టం వెళ్ళే దారిలో ఒక షెడ్డు ఉంది. అక్కడ నేను ఇరవై రెండేళ్ళు జీడిపిక్కలు కొట్టాను. ఉడికించిన పిక్కను రెండు బ్లేడ్ల మధ్య నిలబెట్టి కాలితో మీట తొక్కితే తొక్క రెండుగా విడుతుంది. చేతులకు ఆముదం రాసుకుని, పైన బూడిద అద్దుకుని కూర్చుంటాం. అయినా చిందుతుంది. నా పది వేళ్ళకూ గీతలు పోయాయి. రేషను బియ్యం ఇచ్చే చోట మిషను మీద ఏ వేలు పెట్టినా నేను కానంటుంది. అప్పటికి నాకు అక్షరాలు రావు. సంతకం రాని మనిషికి వేలిముద్ర కూడా లేకపోతే, ఫలానా మనిషిని నేనే అని చెప్పుకోవడానికి నోరు ఒక్కటే మిగులుతుంది.

ఆ నోటితోనే ఇప్పుడు ఆదివారాల్లో ఒక కాఫీ షాపులో మైకు ముందు నిలబడి జనాన్ని నవ్విస్తుంటాను. అది ఎలా నేర్చుకున్నానో, నేను నేర్చుకున్నదానికి ఎవరు దెబ్బలు తిన్నారో రాయాలని కూర్చున్నాను.

షెడ్డులో చేరిన మొదటి వారం. నా పక్క బ్లేడు దగ్గర కూర్చునే ఆవిడ నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. మా వైపు అక్కను పిలిచినట్టు అందరూ అప్పా అని పిలిచేవారు, నేనూ అలాగే పిలిచాను. ఒక సోమవారం పొద్దున్న ఆవిడ చెవి తమ్మె చీలిపోయి ఉంది. మెడ మీద నాలుగు వేళ్ళ మందాన నల్లగా కమిలి ఉంది.

"ఏటది అప్పా?" అన్నాను.

"జీడి తగిలింది," అని పకపకా నవ్వింది. వరసలో ఉన్న వాళ్ళంతా నవ్వారు.

జీడి తగిలితే చెవి చీలదు. నాకు అర్థం కాక, "నిజం సెప్పప్పా, ఏటయింది?" అని మళ్ళీ అడిగాను.

ఆవిడ మీట మీద నుంచి కాలు తీసింది. "కొత్తదానివని సెప్తన్నాను, ఇనుకో. ఇక్కడ ఒక్కసారే అడగాల. రెండోపాలి అడిగితే నాకు ఏడుపొస్తాది. కళ్ళల్లో నీళ్ళుంటే బ్లేడు అవుపడదు. అదిగో, ఆ సివర్న కూకున్నదాన్ని సూడు. దాన్నెవులో రెండోపాలి అడిగినారు."

చివర కూర్చున్నామెకు ఎడమచేతి చూపుడువేలు సగమే ఉంది.

అదీ మా షెడ్డు పద్ధతి. పదహారు మంది ఆడవాళ్ళం. ఒంటి మీద ఏ మచ్చతో వచ్చినా పక్కనున్నామె ఒక్కసారి అడుగుతుంది. జీడి తగిలిందని చెప్పాలి. చెప్పిన మనిషే ముందు నవ్వాలి, అప్పుడు మిగతావాళ్ళు నవ్వుతారు. తర్వాత పనిలో పడిపోతాం.

మా ఆయన ఆటో నడిపేవాడు. ఏడో తరగతి దాకా చదివాడు. పెళ్ళికి మా నాన్న పెట్టిన వాచీ ఒకటి ఆయన చేతికి ఎప్పుడూ ఉండేది. నన్ను కొట్టేముందు తలుపు గడియ పెట్టేవాడు. తర్వాత వాచీ విప్పి, లుంగీ అంచుతో ఒకసారి తుడిచి, అలమారాలో అద్దం పక్కన పెట్టేవాడు. ఆ కాస్త సమయంలో నాకు చేసుకోవలసిన పనులు ఉండేవి. పొయ్యి ఆర్పాలి. కూతుర్ని పెరట్లోకి నెట్టాలి. ముక్కుపుడక తియ్యాలి. ముక్కుపుడక తియ్యడం మరిచిపోయిన రోజు అది ముక్కులోపల గోడకు దిగింది, రెండు రోజులు గొంతులోకి రక్తం కారింది. మరోసారి నేల మీద పడ్డాక మడమతో తన్నాడు. పక్కటెముకలు రెండు విరిగాయి. మీట తొక్కిన ప్రతిసారీ ఎముక లోపల ఎక్కడో గుచ్చుకునేది. ఆ సోమవారం అప్ప నన్ను అడిగితే, "జీడి లోపలికి దిగిపోనాదప్పా, పైకి అవుపడదు," అన్నాను. షెడ్డంతా పొట్ట పట్టుకుని నవ్వింది. నేను మాత్రం నవ్వలేకపోయాను, నవ్వితే ఎముక నొప్పి. జనాన్ని నవ్వించడం నాకు చేతనవుతుందని మొదటిసారి తెలిసింది ఆ రోజే.

మాకు ఒక్కతే కూతురు. పదో తరగతి పాసయింది. కోటవురట్ల అవతల చెరుకు పండించే ఇంటికి ఇచ్చాం. తొలి కాన్పుకి మా ఇంటికి వచ్చి మూడు నెలలు ఉంది. పురిటి నీళ్ళు పోస్తున్నప్పుడు దాని వీపు చూశాను. నడుముకి పైన, బెల్టు బకిల్ అచ్చు పడి ఉంది. నలుచదరంగా, మధ్యలో ముల్లుతో సహా. పాత మచ్చ, నల్లగా ఎండిపోయింది.

"ఏటే ఇది?" అన్నాను.

"జీడి తగిలిందమ్మా," అని నవ్వింది. ముందు తనే నవ్వింది.

నా కూతురు ఏనాడూ షెడ్డు గుమ్మం తొక్కలేదు. దాని అత్తవారి ఊళ్ళో చెరుకు, వరి తప్ప జీడితోట లేదు. ఆ మాట అది చిన్నప్పుడు నా నోటి నుంచి విన్నదే. నేను రెండోసారి అడగలేదు. కాగులోంచి చెంబుతో నీళ్ళు ముంచి, ఆ మచ్చ మీద మెల్లగా పోశాను. వేడి తగులుతుందేమోనని చన్నీళ్ళు కలిపాను.

ఆ మూడు నెలల్లోనే అది నాకు అక్షరాలు నేర్పింది. నాకప్పటికి నలభై ఆరేళ్ళు. పాప నిద్రపోయినప్పుడు పాత క్యాలెండరు కాగితాలు తిరగేసి వాటి వెనక రాయించేది. గీతలు అరిగిన వేళ్ళలో పెన్సిలు నిలవదు, జారిపోతుంది. అందుకని నా వెనక కూర్చుని, తన కుడిచేతితో నా చెయ్యి పట్టుకుని దిద్దించేది. దాని గడ్డం నా భుజం మీద ఉండేది. పచ్చి బాలింత వాసన వచ్చేది. అత్తారింటికి వెళ్ళేనాటికి నేను నా పేరు రాశాను, దాని పేరు రాశాను, బస్సుల బోర్డులు కూడబలుక్కుని చదవసాగాను. మచ్చ సంగతి ఇద్దరం ఎత్తలేదు.

ఆ తర్వాత మూడేళ్ళకు మెయిన్ రోడ్డు మీద ఒక అమ్మాయి కాఫీ షాపు పెట్టింది. ఆదివారం మా షెడ్డుకు సెలవు కాబట్టి ఆ ఒక్కరోజు అక్కడ కప్పులు కడగడానికి కుదిరాను. ఆదివారం సాయంత్రం నాలుగింటికి అక్కడ ఓపెన్ మైక్ అని పెట్టేవారు. ఎవరైనా సరే పేరు రాసుకుని ఐదు నిమిషాలు మైకు ముందు మాట్లాడొచ్చు. కొందరు పాడేవారు. ఎక్కువమంది కాలేజీ కుర్రాళ్ళు స్టాండప్ కామెడీ చేసేవారు. ఒక రోజు ఒకతను, పెళ్ళయితే మొగుడికి అప్పడాల కర్రతో దెబ్బలు తప్పవని ఏదో చెబుతున్నాడు. అందరూ నవ్వుతున్నారు.

సింకు దగ్గర నుంచి, నాలో నేనే అనుకున్నట్టు, "మా ఇంట్లో కర్ర నాదే బాబూ, తిప్పేదే ఆయన," అన్నాను.

షాపు అమ్మాయి పక్కనే ఉంది. గట్టిగా నవ్వి, నా చేతిలోంచి కప్పు లాక్కుంది. "ఆంటీ, మీరెల్లి సెప్పండి."

"నాకేటొచ్చు?"

"ఇప్పుడు సెప్పినారు కదా. అదే."

తడి చేతులు కొంగుకు తుడుచుకుని వెళ్ళి నిలబడ్డాను. "జీడి తగిలిందండి," అని పకపకా నవ్వాను. ఎవరూ నవ్వలేదు. షెడ్డులో అంతమందినీ నవ్వించే మాట ఇక్కడ రాయిలాగా పడింది. ఇంకో రెండు ముక్కలు చెప్పి, వాటికీ నేనే నవ్వి, దిగి వచ్చేశాను. కప్పులు కడుగుతుంటే షాపు అమ్మాయి వచ్చి నిలబడింది.

"జీడంటే ఈళ్ళకి తెలీదు ఆంటీ. జీడిపప్పు తెలుసు. ముందు అదేటో సెప్పాలి. ఇంకోటి, మీరే ముందు నవ్వీస్తే మేమేటి సెయ్యాలి?"

మొదటిది సులువే. రెండోదే కష్టం. దెబ్బ తిన్న మనిషే ముందు నవ్వాలని ఇరవై ఏళ్ళు నేర్చుకున్నాను. దాన్ని మానుకోవడానికి ఎన్నో ఆదివారాలు పట్టింది. మూతి బిగించి చెబితే కోపంగా ఉన్నానని జనం బెదిరేవారు. బతిమాలినట్టు చెబితే జాలిపడేవారు. జాలి పడ్డవాడు నవ్వడు. బజారులో కూరగాయల ధర చెప్పినట్టు చెప్పాలని చివరికి తెలిసింది. ఒక నోటుపుస్తకం కొనుక్కున్నాను. చెప్పదలచుకున్నది ముందు రాసేదాన్ని. ఒక్కొక్క అక్షరానికి చెయ్యి నొప్పి పుట్టేది కాబట్టి అక్కర్లేని మాట రాయబుద్ధయ్యేది కాదు. అలా నా జోకులు పొట్టివయ్యాయి. చదువుకున్న కుర్రాళ్ళు పది మాటల్లో చెప్పేది నేను నాలుగింట్లో చెప్పేదాన్ని.

ఎనిమిదో ఆదివారమో, తొమ్మిదో ఆదివారమో ఇలా చెప్పాను: "మా సెడ్డులో పదారుమందిమి ఆడోళ్ళం అండి. జీడి తగిలితే నల్లగా మచ్చ పడతాది. ఎవుల్ని ఏటయిందని అడిగినా జీడి తగిలిందంటాది. సిత్రమేటంటే అందరికీ సోమవారం పొద్దున్నే మచ్చలుంటాయి." అక్కడ ఆగాను. మనసులో ఒకటి, రెండు అనుకున్నాను. "ఆదివారం సెడ్డుకి సెలవండి."

ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత వచ్చింది నవ్వు. కుర్చీలు కదిలాయి. ఎవరో బల్ల మీద చరిచారు. అంతమంది ఒకేసారి నా వైపు చూసి నవ్వితే మైకు వదలబుద్ధి కాలేదు. ఇంకా కావాలనిపించింది. ఆ మరుసటి వారం వాచీ సంగతి చెప్పాను. "కొట్టేముందు మా ఆయన వాచీ ఇప్పి, తుడిసి, అలమారాలో పెడతాడండి. ముప్పై ఏళ్ళ వాచీ. ఒక్క గీత నేదు." దానికి ఇంకా ఎక్కువ నవ్వారు. ఎవరో ఫోనులో వీడియో తీశారు.

ఆ వీడియోని మా ఆయన ఆటో ఎక్కినవాడొకడు ఆయనకే చూపించాడు. ఆ రోజు మిట్టమధ్యాహ్నం ఇంటికి వచ్చాడు. తలుపు గడియ పెట్టాడు. నేను పొయ్యి ఆర్పి, ముక్కుపుడక తీశాను. ఆయన ఎడమచేతి మీదకి కుడిచెయ్యి పోనిచ్చి వాచీ పట్టీ విప్పబోయాడు. నాకు నవ్వొచ్చింది. ఆపుకుందామన్నా ఆగలేదు. నెలల తరబడి నవ్వకుండా చెప్పడం నేర్చుకున్నదంతా ఆ గదిలో పోయింది.

"ఏటే నవ్వుతున్నావు?"

"ఏటీ నేదు. వాచీ జాగర్త."

వాచీ విప్పలేదు. ఆ చేత్తోనే కొట్టాడు. అద్దం నా చెంప ఎముక మీద పగిలింది. రెండో దెబ్బకు గాజుముక్కలు కండలోకి దిగాయి. జుట్టు పట్టుకుని గోడకు మూడుసార్లు కొట్టాడు. మూడోసారి గోడ మెత్తగా అనిపించింది. కళ్ళు తెరిచేసరికి నన్ను వదిలేసి, మోకాళ్ళ మీద కూర్చుని, నా రక్తంలో వేలు పెట్టి వాచీ ముల్లు వెతుక్కుంటున్నాడు. దొరికాక చొక్కా జేబులో వేసుకుని రిపేరు దుకాణానికి వెళ్ళిపోయాడు. నేను నడుచుకుంటూ ఆసుపత్రికి వెళ్ళి చెంపకు నాలుగు కుట్లు వేయించుకున్నాను.

ఆదివారం ఆ కుట్లతోనే మైకు ముందు నిలబడ్డాను. షాపు అమ్మాయి వద్దంది. నేను విన్లేదు. "ముప్పై ఏళ్ళ వాచీ అండి, ఒక్క గీత నేదు అన్నాను కదా. మొన్న పగిలిపోనాది." చెంప చూపించాను. "నా తప్పే. మొకం అడ్డెట్టీసేను."

అంత నవ్వు నేనెప్పుడూ వినలేదు. ముందు వరసలో ఒకడు తొడ చరుచుకుంటూ వంగిపోయి నవ్వుతున్నాడు. తల ఎత్తాడు. మా అల్లుడు. పక్కన నా కూతురు, ఒళ్ళో పాప. వస్తారని నాకు చెప్పలేదు. కూతురు కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. గాజులు కిందికి జారాయి. మణికట్టు చుట్టూ నల్లటి చార కనిపించింది.

అయ్యాక అల్లుడు నా దగ్గరకు వచ్చాడు. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటున్నాడు. "అత్తా, సంపీసేవు. కడుపు నొప్పొచ్చీసింది." తర్వాత పెళ్ళాం వైపు తిరిగాడు. "సూసినావా మీ అమ్మని? ఎలగ తీసుకుంటాదో. నువ్వూ ఉన్నావు, ఒక్కటేస్తే మూడ్రోజులు మొకం మాడ్సుకుని కూకుంటావు. నేర్సుకో."

కూతురు నవ్వింది.

నేను కూడా నవ్వాను.

ఆ రోజు ఇంటికి నడిచి వస్తుంటే సగం దారిలో ఆగిపోయాను. ఇన్నాళ్ళూ వాళ్ళు మా ఆయన్ని చూసి నవ్వుతున్నారని అనుకున్నాను. కొట్టేవాడు కూడా అదే జోకుకి అంత హాయిగా నవ్వితే, అది ఎవరి మీద జోకు? నేను దెబ్బను అంత తేలిక చేసి పెట్టాను. ఎవరైనా తీసి జేబులో పెట్టుకోవచ్చు.

పదిరోజులు కాలేదు. నేను షెడ్డుకి బయల్దేరుతుండగా గుమ్మం ముందు ఆటో ఆగింది. కూతురు దిగింది. కుడిచెయ్యి తువ్వాలుతో మెడకు కట్టి ఉంది. మోచేతి కింద చెయ్యి పక్కకు తిరిగిపోయి, గుమ్మడికాయలా వాచి ఉంది. పాప గుమ్మంలో కూర్చుని చెరుకు ముక్క నములుతోంది.

"ఏటది?" అన్నాను.

"జీడి తగిలిందమ్మా," అంది. ఈసారి నవ్వు రాలేదు దానికి. పెదవులు సాగాయి, అంతే.

"రెండోపాలి అడుగుతున్నాను. ఏటయింది?"

అది నా ముఖంలోకి చూసింది. తర్వాత గోడకు ఆనుకుని కిందికి జారిపోయి చెప్పింది. గేదెలకు కుడితి పెట్టడం ఆలస్యమైందట. బండి మీద నుంచి చెరుకు గడ లాగి కొట్టడం మొదలుపెట్టాడు. మొదటి గడ వీపు మీద విరిగింది. రెండోది తీశాడు. అది తల మీదకే వచ్చింది. ఇది చెయ్యి అడ్డం పెట్టింది. గడా ఎముకా ఒకేసారి విరిగాయి. ఏ చప్పుడు దేనిదో తెలియలేదంది.

"అప్పుడు ఆ ముక్కలు నా ఒళ్ళో పడీసినాడమ్మా. 'ఇవి మీ అమ్మకి పట్టుకెళ్ళి ఇయ్యి. ఆదివారం మైకులో సెప్పుకుంటాది, కొత్త జోకు' అన్నాడు."

నేను గుమ్మం వైపు చూశాను. పాప పిప్పి ఉమ్మి మళ్ళీ కొరికింది.

"ఆ ముక్కే," అంది కూతురు. "దారంతా ఏడుస్తుంటే సేతిలో ఎట్టేను."

ఆసుపత్రిలో చెరుకు బండి మీద నుంచి పడ్డానని చెప్పి కట్టు వేయించుకుంది. నేను పక్కనే ఉండి కూడా కాదనలేదు. శుక్రవారం మా ఆయన వెళ్ళి అల్లుడితో, వాళ్ళ పెద్దమనుషులతో కూర్చుని తగువు తీర్చుకుని వచ్చాడు. "ఆడు తప్పయిపోనాదన్నాడు. ఆదివారం సాయంత్రం వొచ్చి తీసుకెల్తాడు. తయారుగుండు," అన్నాడు కూతురితో. చేతికి బాగుచేయించిన వాచీ ఉంది.

"అలగే నాన్నా," అంది.

వంటింట్లోకి వచ్చాక, "ఎల్లకపోతే పాపని ఆలు లాక్కుపోతారమ్మా," అంది మెల్లగా.

"ఎల్తే?"

ఎడమచేత్తో పాప మూతి తుడిచింది. నేను దాని కట్టు వైపు చూస్తున్నాను. ఈసారి దెబ్బ తల మీదకు వస్తే అడ్డం పెట్టడానికి కుడిచెయ్యి లేదు. నాకు తెలిసింది అదొక్కటే. వెళ్తే అది చచ్చిపోతుంది. మా ఆయనకు చెబితే వినడు. నా మాట వినేవాళ్ళు వారానికి ఒక్కరోజు, ఐదు నిమిషాలు మాత్రమే ఉంటారు.

ఆదివారం నాకు షాపులో పని ఉందని, అల్లుణ్ణి అక్కడికే రమ్మని కబురు పెట్టాను. అతనికి ఆ షాపు ఇష్టమే కదా. కూతుర్ని, పాపను వెంట తీసుకెళ్ళాను. షెడ్డు నుంచి అప్పను కూడా పిలిచాను. ఆవిడ ఎప్పుడూ అలాంటి చోటికి రాలేదు. చెప్పులు గుమ్మం బయట విప్పి వచ్చి వెనక కుర్చీలో ముడుచుకుని కూర్చుంది. అల్లుడు ఇస్త్రీ చొక్కాతో వచ్చి ముందు వరసలో పెళ్ళాం పక్కన కూర్చుని కాఫీ చెప్పాడు.

నోటుపుస్తకం తెరవలేదు. సోమవారం జీడి జోకు చెప్పాను. నవ్వారు. అల్లుడూ నవ్వాడు. నవ్వు తగ్గేదాకా ఆగాను.

"మా సెడ్డులో ఒక పద్దతుందండి. ఏటయిందని ఒక్కసారే అడగాల. రెండోపాలి అడిగితే ఏడుపొస్తాది, ఏడిస్తే యేలు తెగిపోద్ది. అందుకని అడగం. నా కూతురికి పురిటి నీళ్ళు పోసినప్పుడు ఈపు మీద బెల్టు బకిలు అచ్చు సూసేను. ఏటే ఇది అన్నాను. జీడి తగిలిందమ్మా అంది."

అల్లుడు ఒక్కడే నవ్వాడు. అలవాటు మీద.

"నా కూతురు జీడి సెడ్డులో పని సెయ్యదండి."

అక్కడ ఆగాను. ఒకటి, రెండు అనుకున్నాను. మూడు, నాలుగు అనుకున్నాను. కాఫీ మిషను బుసబుస ఒక్కటే వినిపిస్తోంది.

"నాను రెండోపాలి అడగనేదు. నాలుగేళ్ళు అడగనేదు. మొన్న సెరుకు గడ దీని సేతి మీద ఇరిగింది. సెయ్యి అడ్డెట్టింది గానీ నేకపోతే ఆ గడ దీని నెత్తి మీద ఇరగాల. ఇరగ్గొట్టినోడు ఇదిగో, మీ ముందు కూకుని కాఫీ తాగుతున్నాడు. ఇప్పుడు దీన్ని మళ్ళీ తీసుకెల్లడానికి వొచ్చినాడు."

కప్పు గోడకు తగిలి పగిలింది. అతను లేవడం చూశాను కానీ చెయ్యి రావడం చూడలేదు. మైకు నా నోటి ముందే ఉంది. ఆ దెబ్బ చప్పుడు మైకులోంచి లోపలి స్పీకర్లోకీ, రోడ్డు వైపు పెట్టిన స్పీకర్లోకీ వెళ్ళింది. బయట బైకులు ఆగాయి. ముప్పై ఏళ్ళలో నా మీద పడ్డ దెబ్బలన్నీ గడియ పెట్టిన తలుపు వెనక పడ్డవే. ఊరికి వినిపించిన దెబ్బ ఇదొక్కటే.

మైకు కొస తగిలి ముందు పన్ను ఊడింది. నేను బల్ల అంచుకు కొట్టుకుని పడ్డాను. నోరంతా ఉప్పగా ఉంది. అతను పెళ్ళాం ఎడమచెయ్యి పట్టుకుని, "పద," అన్నాడు. అది లేవలేదు. జుట్టు పట్టుకుని లాగాడు. కుర్చీతో సహా పడిపోయింది. కట్టు కట్టిన చెయ్యి కింద పడి, కేక పెట్టింది. పాప బల్ల కిందికి దూరింది. అప్పుడు అందరికంటే ముందు లేచింది అప్ప. అరవై అయిదేళ్ళ మనిషి, జీడికి నల్లబడిన రెండు చేతులతో అతని చొక్కా మెడ దగ్గర పట్టుకుంది. అతను మోచేత్తో ఆవిడ గుండెల మీద పొడిచాడు. వదల్లేదు. మళ్ళీ పొడిచాడు. వదల్లేదు. ఈలోగా కుర్రాళ్ళు నలుగురు మీద పడి అతన్ని నేలకు అదిమారు.

అతను ఆ కింద నుంచే నవ్వుతూ అంటున్నాడు, "జోకండి. ఇదంతా జోకే. మా అత్తగారు కామెడీ సేస్తాది, మీకు తెల్దేటి?"

షాపు అమ్మాయి పోలీసులకు ఫోను చేస్తోంది. కూతురు నేల మీద నుంచి లేచి కూర్చుంది. ముక్కు నుంచి రక్తం కారుతోంది. అతని వైపు చూడకుండా, "నాను రాను," అంది.

స్టేషనుకు వెళ్ళేసరికి ఇంకా చీకటి పడలేదు. ఆడ కానిస్టేబులు తెల్ల కాగితం, పెన్ను బల్ల మీద పెట్టింది. "ఫిర్యాదు ఎవులు రాస్తారు?"

కూతురు తన కుడిచేతి కట్టు వైపు చూసుకుంది.

"నన్ను రాసీమంటారేటి?" అంది కానిస్టేబులు.

"వొద్దండీ. నాను రాస్తాను," అన్నాను.

నా అక్షరాలు పెద్దవి. ఆరు వరసలకే పేజీ సగం నిండింది. వాచిన పెదవి నుంచి ఒక రక్తపు చుక్క కాగితం మీద పడింది. కానిస్టేబులు ఇంకో కాగితం ఇచ్చింది, మళ్ళీ మొదటి నుంచి రాశాను. పెన్ను వేళ్ళలోంచి జారుతోంది. నా వెనక కూర్చుని చెయ్యి పట్టుకుని దిద్దించిన పిల్ల ఇప్పుడు పక్కన కూర్చుని ఒక్కొక్క మాట చెబుతోంది, నేను రాసేదాకా ఆగుతోంది. గేదెలు, కుడితి, మొదటి గడ, రెండో గడ. ఈ సాయంత్రం జరిగింది.

"అంతేనమ్మా," అంది.

"ఇంకా?"

"ఇంకేటుంది."

"ఈపు మీద బెల్టుది."

అది నా వైపు తిరిగింది. "ఆనాడే నీకు తెల్సా?"

"తెల్సు."

"మరెందుకడగనేదు?"

షెడ్డు, బ్లేడు, వేలు, అవన్నీ అంతకుముందే మైకులో చెప్పేశాను. ఊరంతా విన్నది. దాని ముందు కూర్చుంటే వాటిలో ఒక్కటీ జవాబులా అనిపించలేదు. పెన్ను పట్టుకుని కూర్చున్నాను.

"ఇప్పుడడుగుతున్నాను," అన్నాను చివరికి.

అది చెప్పడం మొదలుపెట్టింది. బెల్టు పెళ్ళయిన రెండో నెలది. దానికి ముందు కత్తిపీట వెనకవైపుతో ఒకటి ఉంది. పాప కడుపులో ఉన్నప్పటిది ఒకటి ఉంది. నేను విన్న ఒక్క మాటా వదలకుండా రాశాను. రెండో కాగితం అయిపోయింది.

"ఒక్క పేజీ సాలమ్మా, కేసుకి," అంది కానిస్టేబులు.

"ఇంకో కాగితం ఇప్పించండి," అన్నాను. ఆమె ఇచ్చింది. పైన నంబరు వేశాను, మూడు. కూతురు మళ్ళీ ఆగిపోయి గోడ వైపు చూస్తోంది. పాప దాని ఒళ్ళో నిద్రపోయింది.

"ఇంకా?" అన్నాను.